ప్రోస్టేట్ కణితిలో కొలెస్ట్రాల్ రిసెప్టర్లు: నిజంగా పెరుగుతున్నాయా, మన స్లైడ్లే పెంచి చూపిస్తున్నాయా?

1. లిపిడ్ లోకం
కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల చర్చలో, ప్రోస్టేట్ కణితిలో కొలెస్ట్రాల్ రిసెప్టర్లు పెరుగుతాయన్న మాట మధ్యలో వచ్చి పక్కదారి పట్టింది. ఇక్కడ విడిగా తేల్చుకుందాం.

ప్రోస్టేట్ క్యాన్సర్ కణానికి కొలెస్ట్రాల్ రెండు రకాలుగా అందుతుంది. సొంతంగా వండుకోవడం ఒకటి, రక్తంలోంచి లాక్కోవడం రెండోది. లాక్కునే ద్వారాల్లో ముఖ్యమైనవి ఎల్‌డీఎల్ రిసెప్టర్, ఎస్‌ఆర్‌-బీ1. మొదటిది రక్తంలో కొలెస్ట్రాల్ మోసే ఎల్‌డీఎల్ రేణువును పూర్తిగా మింగేస్తుంది. రెండోది అలాంటిదే మరో రేణువైన హెచ్‌డీఎల్‌ను వాకిట్లోనే నిలబెట్టి, అందులో నిల్వ రూపంలో ఉన్న కొలెస్ట్రాల్ ఎస్టర్‌ను మాత్రం దింపుకుని పంపేస్తుంది.

ఇది నిన్నమొన్నటి సంగతి కాదు. వాచిన ప్రోస్టేట్‌లో కొలెస్ట్రాల్ మామూలు గ్రంథిలో కంటే బాగా ఎక్కువని స్వయర్ 1942లోనే కొలిచి చూపించాడు. మామూలు కణానికి ఎల్‌డీఎల్ పోస్తే రిసెప్టర్ తగ్గుతుంది. ల్యాబులో పెంచే పీసీ-3 ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల్లో ఆ అదుపు పోయిందని చెన్, హ్యూస్-ఫుల్‌ఫర్డ్ 2001లో రాశారు. 2014లో పర్డ్యూ బృందం రంగు వేయకుండా రామన్ సూక్ష్మదర్శినితో చూసి, అధిక గ్రేడ్ కణితుల్లోనూ ఇతర అవయవాలకు పాకిన మెటాస్టాసిస్‌లోనూ కొలెస్ట్రాల్ ఎస్టర్ బొట్లుగా పేరుకుంటోందని, దానికి మూలం కణాల పెరుగుదలకు కళ్లెం వేసే పీటెన్ జన్యువు పోవడమని తేల్చింది. ఎస్‌ఆర్‌-బీ1 ఎక్కువున్న కణితులు దూకుడుగా ఉంటున్నాయని 2015లో వియన్నా వాళ్లు, ఆ రిసెప్టర్‌ను అణిచేస్తే కణాల పెరుగుదల ఆగుతోందని 2019లో వాంకూవర్ వాళ్లు చెప్పారు.

ఇంత ఉన్నా మన బయాప్సీ రిపోర్టుల్లో ఈ రెంటి ఊసే లేదు. గ్లీసన్ స్కోరు (కణితి గ్రేడు) 8, ఆపైన వచ్చిన ప్రతి కేసుకూ ఈ రెంటికీ స్టెయిన్లు (యాంటీబాడీతో రంగు పట్టించడం) వేసి రిపోర్టులో ఒక్క లైను రాయాలన్నది నా ప్రతిపాదన. ఎందుకు కుదరదో చెప్పండి.

2. పారఫిన్ దిమ్మ
కుదరడం సంగతి తర్వాత. "ఎక్కువ" అంటున్నారు, దేనికంటే ఎక్కువ?

ఆపరేషన్‌లో తీసిన ప్రోస్టేట్‌ను చాలాచోట్ల కోయకుండానే రాత్రంతా, కణజాలాన్ని చెడకుండా గట్టిపరిచే ఫార్మలిన్‌లో ఉంచుతారు. ఫార్మలిన్ గంటకు సుమారు 1 మిల్లీమీటరు దిగుతుందని పుస్తకం లెక్క. లోతుకు వెళ్లేకొద్దీ ఇంకా నెమ్మది. అంటే అంచులు బాగా ఫిక్స్ అవుతాయి, నడిమధ్య భాగం అరకొరగా ఉండిపోతుంది. క్యాన్సర్‌లో దాదాపు 70 శాతం ఎక్కడ పుడుతుంది? అంచునే ఉండే పెరిఫెరల్ జోన్‌లో. పోలికకు తీసుకునే "మామూలు" గ్రంథులు ఎక్కడివి? తరచూ మూత్రనాళం చుట్టూ ఉండే ట్రాన్సిషన్ జోన్‌వి, అంటే నడిమధ్యవి. ఇప్పుడు కణితిలో రంగు ముదురుగా, పక్కన లేతగా వస్తే అది జీవశాస్త్రమా, ఫార్మలినా?

పోల్చాలంటే అదే జోన్‌లో, అదే స్లైడు మీద, కణితి నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలోపు ఉన్న మామూలు గ్రంథితో పోల్చాలి. కుంచించుకుపోయిన అట్రోఫీ గ్రంథుల్ని లెక్కలోకి తీసుకోకూడదు, వాటి స్టెయినింగ్ దారే వేరు. ప్రోస్టేట్ వాపుకు గీకి తీసిన ముక్కలైతే కరెంటు లూపు కాల్చిన అంచులు ఏ యాంటీబాడీకైనా గోధుమరంగే చూపిస్తాయి. ఈ జాగ్రత్తలు రాసిన పేపర్లు ఎన్ని?

3. మైక్రోటోమ్ మావయ్య
మేడమ్ చెప్పింది నిజం. ఇంకోటి. కోసిపెట్టిన సెక్షన్లు (పలుచని పొరలు) నెలల తరబడి డబ్బాలో ఉంటే రంగు తగ్గుతుంది. పాత స్లైడ్లు ఒక రోజు, కొత్త స్లైడ్లు ఇంకో రోజు వేసి రెండూ ఒకే పట్టికలో పెట్టకండి.

4. లిపిడ్ లోకం
ఫార్మలిన్ సమస్య అన్ని స్టెయిన్లకూ ఉంది. పీటెన్‌కు, ఈఆర్‌జీకి (ఇవీ ప్రోస్టేట్‌లో వేసే స్టెయిన్లే) లేని అనుమానం కొలెస్ట్రాల్ రిసెప్టర్ దగ్గరే ఎందుకొచ్చింది? యాంటీజెన్‌ను బయటికి తెచ్చే మెట్టు, అంటే యాంటీబాడీ అతుక్కునే చోటును మళ్లీ తెరిచే రిట్రీవల్, సరిగా చేస్తే తేడా చాలావరకు పోతుంది. పీహెచ్ 9 ట్రిస్-ఈడీటీఏలో 97 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు, అదే పాత్రలో 20 నిమిషాలు చల్లార్చడం. మీరు పీహెచ్ 6 సిట్రేట్ వాడుతుంటారు, అందుకే మీకు నడిమధ్య భాగం పాలిపోయి కనిపిస్తుంది.

5. పారఫిన్ దిమ్మ
నేనేం వాడుతున్నానో నేను చెప్పనే లేదు.

పీహెచ్ 9 పెడితే అన్నీ ముదురుతాయి, అక్కర్లేనివి కూడా. ప్రోస్టేట్ ల్యూమినల్ కణాల్లో లిపోఫుసిన్ అనే సహజమైన గోధుమరంగు పదార్థం ఉంటుంది. సెమినల్ వెసికిల్ అంచు తగిలితే చెప్పనే అక్కర్లేదు, బంగారు గోధుమరంగు రేణువులే. స్టెయిన్‌కు వాడే డ్యాబ్ రంగూ అదే. రేణువులుగా కనిపించే సైటోప్లాజం స్టెయిన్‌ను "ఎండోసోమ్‌లోని ఎల్‌డీఎల్ రిసెప్టర్" అని రాసే ముందు, యాంటీబాడీ వేయని, పారఫిన్ మాత్రం తీసిన సెక్షన్ ఒకటి చూశారా? అది లేకుంటే గోధుమరంగు బదులు ఎరుపు క్రోమోజెన్ (రంగునిచ్చే పదార్థం) వాడాలి.

6. లిపిడ్ లోకం
చూశాం. రిసెప్టర్ పొర మీదే ఉండాలని పట్టుబట్టడం కూడా తప్పే మేడమ్. ఎల్‌డీఎల్ రిసెప్టర్ సుమారు 10 నిమిషాలకోసారి లోపలికి వెళ్లి, సరుకు దింపి, తిరిగి పైకి వస్తుంది. ఏ క్షణం చూసినా కొన్ని దారిలోనే ఉంటాయి. పొర మీది రంగుకే మార్కులు వేస్తే సగం లెక్క పోయినట్టే.

యాంటీబాడీ నిజమో కాదో తేల్చడానికి మార్గాలున్నాయి. జన్యువు తీసేసిన కణాలను ఫార్మలిన్‌లో పెట్టి, మైనంలో బ్లాకు చేసి, మామూలు కణాల బ్లాకు పక్కనే అదే స్లైడు మీద వేయాలి. ప్రోటీన్లను బరువును బట్టి విడదీసి చూపే వెస్టర్న్ బ్లాట్‌లో ఎల్‌డీఎల్ రిసెప్టర్ పరిపక్వ రూపం 160 కిలోడాల్టన్ల దగ్గర, చక్కెరలు పూర్తిగా తగలని తొలిరూపం 120 దగ్గర రావాలి. ఎస్‌ఆర్‌-బీ1 అయితే 82 దగ్గర. దాని గొలుసులో ఉన్నవి 509 అమైనో ఆమ్లాలే, మిగతా బరువంతా చక్కెరలది. పొరలో రెండు చోట్ల గుచ్చుకున్న ప్రోటీను కాబట్టి 95 డిగ్రీల్లో ఉడకబెడితే ఉండకట్టి జెల్ పైనే ఆగిపోతుంది. 37 డిగ్రీల్లో అరగంట ఉంచితే చాలు.

7. మైక్రోటోమ్ మావయ్య
ఎస్‌ఆర్‌-బీ1కి కంట్రోల్‌గా మూత్రపిండం మీదుండే అడ్రినల్ గ్రంథి పెట్టండి. దాని కార్టెక్స్‌లో ఎంత ఉంటుందంటే అక్కడ రంగు రాకపోతే ఇంకెక్కడా రాదు. అడ్రినల్, కాలేయం, ప్రోస్టేట్ మూడు ముక్కలూ ఒకే స్లైడు మీద ఎక్కించి యాంటీబాడీని 1:50 నుంచి 1:800 దాకా రెట్టింపు పలుచన చేసుకుంటూ వెళ్లాలి. అడ్రినల్ ముదురుగా ఉంటూనే ప్రోస్టేట్ స్ట్రోమా (గ్రంథుల మధ్య ఆధార కణజాలం) తెల్లగా మిగిలిన చోట ఆగాలి. చాలామంది ప్రోస్టేట్‌ను చూసి పలుచన నిర్ణయిస్తారు. ఏది తేల్చాలో దాన్నే కొలబద్ద చేసుకోవడం అది.

8. ఆర్‌ఎన్‌ఏ రాద్ధాంతం
యాంటీబాడీ గొడవలో ఒకటి మర్చిపోయారు. ఎస్‌ఆర్‌-బీ1కి తోక మారిన ఇంకో రూపం ఉంది, ఎస్‌ఆర్‌-బీ2. రెండూ ఒకే జన్యువు నుంచి వస్తాయి. సీ-తోక మీద తయారైన యాంటీబాడీకి రెండోది కనిపించదు. ఆర్‌ఎన్‌ఏ (జన్యువు నకలు) లెక్కల్లోనేమో రెండూ కలిసే వస్తాయి. "మా స్టెయిన్ ఆర్‌ఎన్‌ఏతో సరిపోలేదు" అని వాపోయేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

ఆర్‌ఎన్‌ఏ అంటే నమ్మేయమనీ కాదు. 2015లో వచ్చిన టీసీజీఏ (అమెరికా క్యాన్సర్ జన్యు ప్రాజెక్టు) ప్రోస్టేట్ సమాహారంలో 333 కణితులున్నాయి. అలాంటి వాటిల్లో ముక్క మొత్తాన్ని నూరి కొలుస్తారు. మామూలు ముక్కలో స్ట్రోమా పాలు ఎక్కువ, కణితి ముక్కలో ఎపిథీలియం (గ్రంథి గోడ కణాలు) ఎక్కువ. ఎపిథీలియంలో ఉండే ఏ జన్యువైనా కణితిలో "పెరిగినట్టే" కనిపిస్తుంది. ఎపిథీలియం గుర్తులతో సరిచేశాక ఎంత మిగిలిందో చూడాలి. పైగా పీసీఎస్‌కే9 అనే ప్రోటీను ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ను పట్టుకుని, కణంలో వస్తువులను కరిగించే లైసోసోమ్‌కు అప్పగిస్తుంది. ఆర్‌ఎన్‌ఏ నిండుగా ఉండి ప్రోటీను లేకపోవచ్చు, ఆర్‌ఎన్‌ఏ అంతే ఉండి ప్రోటీను రెట్టింపు కావచ్చు.

9. పారఫిన్ దిమ్మ
సరే, స్టెయిన్ నిజమే అనుకుందాం. కంట్రోళ్లన్నీ కుదిరాయి, లేతకు 1, మధ్యస్థానికి 2, ముదురుకు 3తో కణాల శాతాన్ని గుణించి కూడే హెచ్-స్కోర్ వేశాం. 40 శాతం కణాలు లేత, 30 శాతం మధ్యస్థం, 10 శాతం ముదురు. 40, దానికి 60, దానికి 30, మొత్తం 130. ఆ 130కి అర్థమేమిటి? లిపిడ్ లోకం గారూ, నాకు నిజంగా తెలియక అడుగుతున్నా. ఆకలితో ఉన్న కణమూ రిసెప్టర్ పెంచుతుంది. అదుపు తప్పిన తిండిపోతు కణమూ పెంచుతుంది. నా స్లైడు మీద రెండూ గోధుమరంగే.

10. లిపిడ్ లోకం
మంచి ప్రశ్న. ఆకలి, తిండిపోతుతనం ఒకే కణంలో కలిసి ఉండొచ్చు, అదే ఇక్కడి తిరకాసు.

కణం తన దగ్గరున్న కొలెస్ట్రాల్ మొత్తాన్ని లెక్కపెట్టదు. కణం లోపలి ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే అర పొరలోని లిపిడ్లలో కొలెస్ట్రాల్ సుమారు 5 శాతం దాటిందా లేదా, అదొక్కటే చూస్తుంది. దాటితే, కొలెస్ట్రాల్ జన్యువులను నడిపే ప్రోటీను ఎస్‌ఆర్‌ఈబీపీ-2 అక్కడే బందీ. తగ్గితే అది బయల్దేరి న్యూక్లియస్‌కు చేరి, వండే ఎంజైములనూ ఎల్‌డీఎల్ రిసెప్టర్‌నూ ఒకేసారి పెంచుతుంది. ఇప్పుడు సోట్1 ఎంజైము వచ్చిన కొలెస్ట్రాల్‌ను వచ్చినట్టే ఎస్టర్‌గా మార్చి బొట్లలో దాచేసిందనుకోండి. గాదె నిండా వడ్లు, వంటింటి డబ్బాలో బియ్యం నిండుకున్నాయి. వంటింట్లోంచి చూసేవాళ్లు ఇంకో బస్తా తెమ్మనే అంటారు. పీటెన్ పోయిన కణితిలో జరిగేది దాదాపు ఇదే. పైగా కణాన్ని పెరగమని చెప్పే ఏకేటీ, ఎమ్‌టార్ దారి ఎస్‌ఆర్‌ఈబీపీని వెనకనుంచి తోస్తూనే ఉంటుంది.

బయటికి పంపే దారి కూడా మూసుకుపోతుంది. కొలెస్ట్రాల్‌ను కణం నుంచి బయటికి తోసే ఏబీసీఏ1 పంపు ప్రోస్టేట్ క్యాన్సర్లో మిథైలేషన్ (జన్యువుపై పడే రసాయన ముద్ర) వల్ల మూగబోవడం తెలిసిందే.

11. ఆర్‌ఎన్‌ఏ రాద్ధాంతం
అయితే మీరే ఒప్పుకున్నట్టు కదండీ. ఒక్క ఎల్‌డీఎల్ రిసెప్టర్ స్టెయిన్ చూసి గాదె నిండిందో, గాదె కూడా ఖాళీయో చెప్పలేం. వరుస సెక్షన్ల మీద ఎస్‌క్యూఎల్ఈ కూడా వేయాలి. అది వండే దారిలోని ఎంజైము, దానికీ ఎస్‌ఆర్‌ఈబీపీ-2నే యజమాని. రెండూ కలిసి పెరిగితే ఎస్‌ఆర్‌ఈబీపీ నడుస్తోందని. రిసెప్టర్ ఒక్కటే పెరిగితే పీసీఎస్‌కే9 వంటి కిందిస్థాయి కారణం వెతకాలి. ఆ మాటకొస్తే, అమెరికా వైద్యుల, ఆరోగ్యవృత్తుల వారి దీర్ఘకాల బృందాల కణితుల్లో ప్రాణాంతకమైన వాటితో ముడిపడిందని గట్టిగా తేలింది ఈ ఎస్‌క్యూఎల్ఈనే, అంటే తలుపు కాదు, పొయ్యి.

12. లిపిడ్ లోకం
పొయ్యి, తలుపు రెండూ ఒకే స్విచ్చుకు ఉన్నప్పుడు ఏది ముఖ్యమని అడగడం ఎందుకు? పీహెచ్ 9లో నాలుగు స్టెయిన్లూ వేయండి: ఎల్‌డీఎల్ రిసెప్టర్, ఎస్‌ఆర్‌-బీ1, ఎస్‌క్యూఎల్ఈ, పీటెన్.

13. పారఫిన్ దిమ్మ
ఇప్పుడు నాలుగయ్యాయి. మొదట రెండు అన్నారు.

గాదెలో వడ్లున్నాయో లేదో ఏ స్టెయిన్‌తో చూస్తారు? పారఫిన్ బ్లాకు అయ్యేలోపు ఆల్కహాలు, జైలీన్ కలిసి కొవ్వు మొత్తం కడిగేస్తాయి. బొట్లు చూడాలంటే ఫ్రోజెన్ సెక్షన్ కావాలి. 8 నుంచి 10 మైక్రాన్లు కోసి, 60 శాతం ఐసోప్రొపనాల్‌లో ఆయిల్ రెడ్ ఓ 10, 15 నిమిషాలు వేసి, ఆల్కహాలు తగలనీయకుండా గ్లిసరిన్ జెల్లీతో మూయాలి. అదైనా ట్రైగ్లిజరైడ్‌కూ కొలెస్ట్రాల్ ఎస్టర్‌కూ తేడా చెప్పదు. ఎస్టర్ కాని కొలెస్ట్రాల్‌కు ఫిలిపిన్ వేస్తే అతినీలలోహిత కాంతిలో చూస్తుండగానే వెలిసిపోతుంది. బయాప్సీకి వచ్చిన ప్రతి ముక్కనూ ఫ్రీజ్ చేయమంటారా?

14. మైక్రోటోమ్ మావయ్య
నీడిల్ కోర్‌ను ఫ్రోజెన్ చేస్తే ఆ తర్వాత గ్రేడింగ్‌కు పనికిరాదు. ఐస్ స్ఫటికాల వల్ల గ్రంథి ఆకారమే చెదురుతుంది. దానికి నేను ఒప్పుకోను.

15. చదువరి 62
డాక్టర్లకు నమస్కారం. పెద్దవాళ్ల చర్చలో అడ్డొస్తున్నందుకు మన్నించాలి. ఇంట్లో ఒకరికి గ్లీసన్ 4+4 అని వచ్చింది. ఈ రిసెప్టర్ పరీక్ష మేం అడిగి చేయించుకోవాలా? నెయ్యి, గుడ్డు మానేయాలా?

16. లిపిడ్ లోకం
చేయించుకుంటే మంచిదే అండీ. ఎక్కువ వస్తే స్టాటిన్ గురించి మీ డాక్టరుతో మాట్లాడవచ్చు.

17. యూరో గుంటూరు
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా, ఈ 16వ పోస్టు చూసి రాయక తప్పడం లేదు.

చదువరి గారూ, వద్దు. ఆ పరీక్ష ఫలితం చూసి చికిత్స మార్చమని ఏ మార్గదర్శకమూ చెప్పదు. స్టాటిన్ అవసరమా కాదా అన్నది గుండె లెక్కతో, రక్తంలోని ఎల్‌డీఎల్‌తో, షుగర్‌తో, బీపీతో నిర్ణయించేది. హార్మోన్ తగ్గించే చికిత్స మొదలుపెడితే కొలెస్ట్రాల్, షుగర్, నడుము చుట్టుకొలత మూడూ పెరిగే అవకాశం ఉంది. అందుకని లిపిడ్ ప్రొఫైల్, హెచ్‌బీఏ1సీ మొదట్లోనే చేయించి, ఆ తర్వాత కూడా క్రమంగా చూపించుకోండి. నెయ్యి సంగతీ గుండె కోసమే ఆలోచించండి, కణితి కోసం కాదు.

లిపిడ్ లోకం గారూ, మీకు ఇంకో మాట. ఫిన్లాండ్‌లో 160 మందికి ఆపరేషన్‌కు ముందు రోజూ 80 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. మొత్తం మీద కణితిలో కణాల విభజన వేగాన్ని చూపే కేఐ-67 గుర్తులో తేడా రాలేదు. నాలుగు వారాలకు పైగా వాడినవారిలో కొంత తగ్గింది, అదీ తర్వాత విడదీసి చూస్తే. దీని మీద ఆధారపడి "రిసెప్టర్ ఎక్కువ, కాబట్టి స్టాటిన్" అని రాయగలమా?

అసలు స్టాటిన్ ఏం చేస్తుందో మీకు నేను చెప్పాలా? వంట ఆపుతుంది. వంట ఆగితే ఎస్‌ఆర్‌ఈబీపీ-2 లేస్తుంది, ఎల్‌డీఎల్ రిసెప్టర్ పెరుగుతుంది. కాలేయంలో మనం కోరుకునేది అదే. మందు కణితికీ చేరితే అక్కడా రిసెప్టర్ పెరగొచ్చు. రోగి అప్పటికే స్టాటిన్ మీదుంటే మీ "ఎక్కువ" మందు వల్లనా, కణితి వల్లనా? రిక్విజిషన్ ఫారంలో స్టాటిన్ వాడుతున్నాడా అన్న గడి కూడా ఉండదు. హార్మోన్ చికిత్స తీసుకున్నాడా అన్నదీ అంతే ముఖ్యం, పురుష హార్మోన్ ఆండ్రోజెన్ కూడా స్కాప్ అనే ప్రోటీను ద్వారా ఎస్‌ఆర్‌ఈబీపీని నడిపిస్తుంది కాబట్టి.

18. లిపిడ్ లోకం
"మాట్లాడవచ్చు" అన్నాను, "వేసుకోండి" అనలేదు. నేను అనని మాట నాకు అంటగడుతున్నారు.

స్టాటిన్ వల్ల రిసెప్టర్ పెరిగితే పెరగనీయండి. రక్తంలో ఎల్‌డీఎల్ సగానికి పడితే ద్వారం తెరిచి ఉండి లాభమేమిటి? హార్మోన్ తయారీని ఆపే అబిరాటెరోన్ మందు వాడుతున్న రోగిలో కణితి టెస్టోస్టెరాన్ వండుకోవడానికి ముడిసరుకు ఈ కొలెస్ట్రాలే కదా. ఎస్‌ఆర్‌-బీ1ను అణిచేస్తే సీ4-2 అనే ల్యాబు ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు పీఎస్‌ఏ తక్కువ వదులుతాయని 2012లోనే వచ్చింది.

19. పారఫిన్ దిమ్మ
కణాలు, కణాలు, కణాలు. 10 శాతం సీరంలో పెంచిన సీ4-2కీ, మనిషి కణితికీ మధ్య ఎంత దూరముందో ఎవరైనా చెప్పండి. ఆ సీరంలో ఎంత ఎల్‌డీఎల్ ఉందో కొలవనివాళ్లు రాసిన "రిసెప్టర్ పెరిగింది" అన్న వాక్యాన్ని నేను రోగి రిపోర్టులో ఎందుకు పెట్టాలి?

20. లిపిడ్ లోకం
సీరం సంగతి తెలియనివాళ్లుగా మమ్మల్ని జమకట్టకండి. 1.215 సాంద్రత దగ్గర అల్ట్రాసెంట్రిఫ్యూజ్ చేసి లైపోప్రోటీన్లు తీసేసిన సీరంలో 24 నుంచి 48 గంటలు ఉంచాకే కొలుస్తాం. ఆపై 10 మైక్రోగ్రాముల, మెరిసే రంగు అంటించిన డైఐ-ఎల్‌డీఎల్ వేసి 37 డిగ్రీల్లో ఒక గిన్నె, 4 డిగ్రీల్లో ఒక గిన్నె, రంగులేని ఎల్‌డీఎల్ 50 రెట్లు కలిపిన గిన్నె ఇంకొకటి. 4 డిగ్రీలది పైన అంటుకున్నదే, 37 డిగ్రీలది అంటుకున్నదీ మింగినదీ కలిపి, 50 రెట్లు కలిపిన చోట మిగిలింది ఉత్త జిడ్డు. ఆ జిడ్డు తీసేయకుండా "అప్‌టేక్ పెరిగింది" అని రాసేవాళ్లుంటారు, వాళ్లలో మేం లేం.

మీ అభ్యంతరం శాస్త్రం మీద కాదు మేడమ్. స్లైడు చూసేది మీరు, రిపోర్టు మీద సంతకం మీది, బయటివాడెవడో వచ్చి ఇంకో లైను రాయమంటే మీకు నచ్చదు. బ్లాకు అడిగిన ప్రతిసారీ ఎదురయ్యేది ఇదే. మూడు నెలలు తిప్పుకుని చివరికి "కణజాలం చాలదు" అంటారు.

21. పారఫిన్ దిమ్మ
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. సంతోషం.

అవును, కణజాలం చాలదు. లెక్క చెబుతా వినండి. 18 గేజి సూదితో వచ్చిన కోర్ మందం 1 మిల్లీమీటరు కూడా ఉండదు. 0.8 అనుకుంటే, 4 మైక్రాన్ల చొప్పున కాగితం మీద 200 సెక్షన్లు. బ్లాకు ముఖం సరిచేయడానికి కొంత పోతుంది. మామూలు రోగనిర్ధారణ స్టెయిన్ హెచ్ అండ్ ఈకి మూడు లెవెళ్లు, వాటి మధ్య వదిలేసేవి. తర్వాత క్యాన్సర్‌ను ఖాయం చేసుకోవడానికి పీ63, ఏఎమ్ఏసీఆర్ స్టెయిన్లు. ప్రతిసారీ బ్లాకును తీసి మళ్లీ బిగిస్తే ముఖం కలవడానికి ఇంకొన్ని పదుల మైక్రాన్లు చెత్తబుట్టలోకి. కణితి 2 మిల్లీమీటర్ల చుక్క అయితే ఈలోగా అది మాయమైపోయి మామూలు గ్రంథి మిగులుతుంది. ఆపైన మీవి రెండు, కాదు నాలుగు, కంట్రోల్ కలిపితే ఐదు.

రెండేళ్ల తర్వాత అదే రోగికి వ్యాధి ముదిరి, బీఆర్‌సీఏ2 జన్యువులో లోపముందేమో చూడాలని ఆంకాలజిస్టు బ్లాకు అడుగుతాడు. ఒలపారిబ్ ఇవ్వాలంటే ఆ ఫలితం కావాలి. ఆ మందును తేల్చిన ప్రోఫౌండ్ ట్రయల్లోనే 4047 మంది కణజాలం పరీక్షిస్తే 2792 మందికే ఫలితం వచ్చింది. మిగతావాళ్లలో ఎక్కువమందికి డీఎన్ఏ చాలలేదు, లేదా చెడింది. ఆ బ్లాకులో చివరి 20 మైక్రాన్లు నా చేతిలో ఉన్నప్పుడు, "ఆకలో తిండిపోతో తేలని" గోధుమరంగు కోసం దాన్ని ఇవ్వను. ఇది సంతకం గొడవ అనుకుంటే అనుకోండి.

22. యూరో గుంటూరు
21కి నా సంతకం కూడా పెట్టుకోండి.

23. లిపిడ్ లోకం
ఇది మొదటి పోస్టు కిందే చెప్పి ఉంటే 20 పోస్టులు ఆదా అయ్యేవి. ఫార్మలిన్, లిపోఫుసిన్ అంటూ తిప్పారు.

కణజాలం లెక్కను కాదనను. మీరు చెప్పింది సూది బయాప్సీకి. ఆపరేషన్‌లో తీసిన మొత్తం గ్రంథుల బ్లాకులున్నాయి, ఒక్కో కేసుకు 20, 30. వాటి మాటేమిటి? వాటికీ "చాలదు" అనే వస్తుంది.

24. పారఫిన్ దిమ్మ
వాటి నుంచైతే ఇస్తాం, రాతపూర్వకంగా అడిగితే. నైతిక సంఘం అనుమతి, రోగి సమ్మతి, ఏ బ్లాకు నుంచి ఎన్ని మైక్రాన్లు, మిగిలింది ఏ తేదీకి తిరిగొస్తుందన్నది. ఆ చివరి గడి ఖాళీగా వదిలి వచ్చే అర్జీలే ఎక్కువ. తీసుకెళ్లిన బ్లాకు తిరిగి రాకపోవడమే మా అసలు నొప్పి.

25. ఆర్‌ఎన్‌ఏ రాద్ధాంతం
ఆ బ్లాకుల నుంచి టిష్యూ మైక్రోఅర్రే (ఎన్నో కణితుల చిన్న ముక్కలు ఒకే బ్లాకులో) చేయండి. 0.6 మిల్లీమీటర్ల కోర్లు, ఒక్కో కణితికి మూడుకు తగ్గకుండా, ఎక్కువ గ్రేడున్న చోటినుంచి రెండు, తక్కువ చోటినుంచి ఒకటి. అదే జోన్ మామూలు గ్రంథి నుంచి రెండు, 2వ పోస్టు అభ్యంతరం అక్కడే తీరుతుంది. బ్లాకుకు పడేది చిన్న చిల్లే. స్టాటిన్, హార్మోన్ చికిత్స వివరం లేని కేసును అసలు ఎక్కించొద్దు. స్కోరింగ్ ఇద్దరు విడివిడిగా వేయాలి, గ్రేడు చూడకుండా. గ్రేడు తెలిసి స్కోరు వేస్తే చేయి ముదురు వైపే జరుగుతుంది.

26. మైక్రోటోమ్ మావయ్య
సూది బయాప్సీలకు నాదో చిన్న సలహా. మొదటిసారి బ్లాకు ముఖం కలిసినప్పుడే హెచ్ అండ్ ఈ లెవెళ్ల మధ్య రిబ్బన్‌ను పారేయకుండా ఆరు సెక్షన్లు ఛార్జ్‌డ్ స్లైడ్ల మీద ఎక్కించి పెట్టండి. పీ63, ఏఎమ్ఏసీఆర్ వాటిమీదే వేయొచ్చు, బ్లాకును మళ్లీ బిగించక్కర్లేదు. అక్కర్లేకపోతే పోయేది స్లైడు ఖర్చే. ఎండ, తేమ తగలకుండా మూతబిగిన డబ్బాలో 4 డిగ్రీల్లో ఉంచాలి.

27. చదువరి 62
సగం అర్థమైంది, సగం కాలేదు. మేం డాక్టరు గారిని అడగాల్సిందేమిటో ఒక్క ముక్కలో చెబుతారా?

28. యూరో గుంటూరు
మీ బయాప్సీ బ్లాకు ఏ ల్యాబులో ఉంది, అందులో కణితి ఇంకా మిగిలి ఉందా, అది ఎన్నేళ్లు భద్రపరుస్తారు. ఈ మూడూ అడిగి రాసిపెట్టుకోండి. ఇంట్లో రక్తసంబంధీకుల్లో రొమ్ము, అండాశయ, ప్రోస్టేట్ క్యాన్సర్లు ఉంటే అదీ చెప్పండి. వ్యాధి ఎముకలకు పాకిందని తేలితే బీఆర్‌సీఏ పరీక్ష గురించి వెంటనే అడగండి.

29. లిపిడ్ లోకం
మైక్రోఅర్రేకు నేను సిద్ధం. రిపోర్టులో లైను సంగతి అది వచ్చాక చూద్దాం, వదిలేశానని మాత్రం అనుకోవద్దు. యాంటీజెన్ రిట్రీవల్ మాత్రం పీహెచ్ 9లోనే.

30. పారఫిన్ దిమ్మ
రెండు పీహెచ్‌లలోనూ వేద్దాం. అడ్రినల్ ముక్క మావయ్య గారు ఇస్తారు.